కమాన్లు మార్చాక మోత: క్రౌన్ పినియన్ విప్పే ముందు

బండి బాధలు – పాఠకుల ప్రశ్నలకు ఆటోనగర్ మేస్త్రి జవాబులు

ప్రశ్న: మేస్త్రీ గారికి నమస్కారం. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. పెళ్లిళ్లకీ, తిరుపతి ట్రిప్పులకీ తిప్పుకునే డీజిల్ వ్యాన్ ఉంది. డ్రైవరుతో కలిపి 13 సీట్లు. పవర్ వెనక చక్రాలకి, వెనక కమాన్ కట్టలు, అంటే ఇనుప పట్టీల స్ప్రింగులు. వర్షాకాలం వస్తే మా రోడ్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. జనం ఎక్కితే వెనక భాగం గుంటల్లో కొట్టుకుంటోందని కమాన్లు దించి, కట్టకి ఒక పట్టీ అదనంగా వేయించాను. కట్టకీ హౌసింగ్‌కీ (వెనక ఇరుసు డబ్బాకీ) మధ్య ఇనుప బ్లాక్ కూడా పెట్టారు. షాకబ్జర్లు, బుష్‌లు అన్నీ కొత్తవే. బండి మూడు అంగుళాలు లేచింది, చూడ్డానికి బాగుంది. అప్పట్నించీ రెండు బాధలు. మొదటి గేర్లో కదిలేటప్పుడు సీటు కింద దడదడ. 60 దాటాక యాక్సిలరేటర్ తొక్కి ఉంచితే వెనకనుంచి గూఁ అని మోత, కాలు తీస్తే తగ్గిపోతుంది. ఖాళీ బండికి ఎక్కువ, జనం నిండితే కొంచెం నయం. మొన్న తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు మలుపు మలుపుకీ దడ తెలిసింది. ఒక మేస్త్రి క్రౌన్ పినియన్ (హౌసింగ్ లోపల చక్రాలని తిప్పే పళ్ల జత) పోయింది, హౌసింగ్ విప్పాలి, 35 వేలు అవుతుందంటున్నాడు. ఇంకొకాయన షాఫ్ట్ జాయింట్లలో ఉండే క్రాసులు మారిస్తే చాలంటున్నాడు. మా బావ టైర్లే అంటున్నాడు. పెళ్లిళ్ల సీజన్ ముందర టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట వినమంటారు?
– ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. ‘ఖాళీ బండికి ఎక్కువ, జనం నిండితే నయం’ అన్నారు చూడండి, అదీ అసలు సంగతి. క్రౌన్ పినియన్ పళ్లు నిజంగా అరిగిపోతే బరువు పెరిగేకొద్దీ మోత పెరగాలి గానీ తగ్గకూడదు. జనం ఎక్కితే మీ బండిలో మారేది ఒక్కటే. కమాన్లు అణిగి బాడీ కిందికి దిగుతుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేరుబాక్సునుంచి వెనక ఇరుసుకి పవర్ తీసుకెళ్లే పొడుగు గొట్టం) మళ్లీ పాత వాలుకి దగ్గరపడుతుంది. కాబట్టి ప్రస్తుతానికి హౌసింగ్ మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకండి. డబ్బు ఖర్చుపెట్టే ముందు కోణాలు కొలిపించండి.

ఆ మేస్త్రి ఊరికే అన్నాడని నేననను. కాలు తొక్కితే మోత, తీస్తే తగ్గడం అనేది క్రౌన్ పినియన్ లక్షణమే. ఎవరైనా మొదట అదే అనుకుంటారు. అయితే మోతలో తేడా ఉంటుంది. చిన్న లెక్క చూడండి. మీలాంటి వ్యాన్ చక్రం 60 స్పీడులో నిమిషానికి సుమారు 450 చుట్లు తిరుగుతుంది. వెనక రేషియో 4 అనుకుంటే, అంటే చక్రం ఒక చుట్టుకి షాఫ్ట్ నాలుగు తిరిగితే, షాఫ్ట్ 1800 చుట్లు. అంటే సెకనుకి 30. కోణం చెడిన జాయింట్ ప్రతి చుట్టుకీ రెండుసార్లు తోస్తుంది, సెకనుకి 60 తోపులు. అది చెవికంటే ముందు పిరుదులకి తెలుస్తుంది: గూఁ అని బరువైన మోత, ఫ్లోర్ మీద పెట్టిన వాటర్ బాటిల్లో నీళ్లు వణుకుతాయి. అదే పినియన్‌కి పది పళ్లుంటే పళ్లు తగిలేది సెకనుకి 300 సార్లు. అది సన్నగా, కూయ్ అని, పాట పాడినట్టు ఒకే స్వరంలో వస్తుంది, సీటుకి పెద్దగా తెలియదు. మీరు రాసింది ‘గూఁ’. పైగా కదిలేటప్పుడు దడ కూడా ఉంది. పినియన్ పళ్లు అరిగితే కూత వస్తుంది గానీ మొదటి గేర్లో సీటు కింద ఆ దడ రాదు.

ఇప్పుడు మీ బావగారి మాట. టైరు మోతకి మీ కాలితో సంబంధం లేదు. తొక్కినా వదిలినా స్పీడు ఒకటే ఉంటే మోతా ఒకటే. మారేది రోడ్డు మారితేనే. తారు రోడ్డు మీదనుంచి సిమెంటు రోడ్డు మీదికి వెళ్లగానే స్వరం మారితే టైరే. హబ్ బేరింగ్ అయితే బండి ఒక పక్కకి ఒరిగినప్పుడు పెరుగుతుంది, రెండో పక్కకి ఒరిగితే తగ్గుతుంది. మీ మోత కాలి మాట వింటోంది కాబట్టి ఈ రెండూ కాదు. బావగారితో మెల్లిగా చెప్పండి, బంధుత్వాలు ముఖ్యం.

నా దగ్గరికి వచ్చేవాళ్లు ‘వెనక కుడి పక్కనుంచి మేస్త్రీ’ అంటూ చెయ్యి చూపిస్తారు. ఆ చూపుని నేను పట్టించుకోను. ఛాసిస్ ఇనుము శబ్దాన్ని ఎక్కడ పుట్టినదాన్ని ఎక్కడికైనా మోసుకుపోతుంది. గేరుబాక్సులో పుట్టింది వెనక సీటు కింద వినపడుతుంది. ఎక్కడినుంచి అన్నది కాకుండా ఎప్పుడు వస్తోందో చెప్పమంటాను. ఏ స్పీడులో, ఏ గేర్లో, కాలు తొక్కితేనా తీస్తేనా, ఖాళీగానా నిండుగానా. మీరు అది బాగా రాశారు. ఇంకొక్క పరీక్ష మిగిలింది. 60 స్పీడుని ఒకసారి నాలుగో గేర్లో, ఒకసారి అయిదో గేర్లో పట్టి చూడండి. గేరు మారినా మోత అదే స్పీడులో అలాగే ఉంటే ఇంజనూ, క్లచ్చూ కారణం కానట్టే, గేరుబాక్సు మీద అనుమానం బాగా తగ్గినట్టే. వెతకాల్సింది దాని వెనకాల. ముందూ వెనకా బండి లేని చదును రోడ్డు దొరికితే 65 దగ్గర న్యూట్రల్ చేసి వదలండి. ఇంజన్ ఆన్‌లోనే ఉండాలి, తాళం తిప్పకండి. స్టీరింగ్ లాక్ పడుతుంది, బ్రేకు బూస్టరూ పోతుంది. న్యూట్రల్లో మోత దాదాపు పోయిందంటే, కోణం మీద బరువు పడితేనే వస్తోందన్నమాట. ఇది ఘాట్ రోడ్డులో మాత్రం చెయ్యొద్దు.

తిరుమల సంగతి రాశారు కాబట్టి ఒక మాట. ఎక్కేది రెండో ఘాట్, దిగేది మొదటి ఘాట్. ఎక్కేటప్పుడు ఇంజన్ షాఫ్ట్‌ని తోస్తుంది, దిగేటప్పుడు గేర్లో ఉంటే చక్రాలు షాఫ్ట్‌ని తోస్తాయి. తోపు ఇటునుంచి అటు మారినప్పుడు టక్ మని ఒక్క దెబ్బ వినపడిందా? గుర్తు చేసుకోండి. వినపడి ఉంటే క్రాసుల్లోనో, షాఫ్ట్ పొడవు సర్దుకునే స్లైడింగ్ జాయింట్‌లోనో లూజు కూడా ఉన్నట్టు.

ఇప్పుడు కోణాల సంగతి. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, మీ 35 వేలూ ఇక్కడే మిగులుతాయి. గేరుబాక్సు వెనక ఫ్లాంజ్ (షాఫ్ట్‌ని బిగించే పళ్లెం) ఒక వాలులో ఉంటుంది. షాఫ్ట్ ఇంకో వాలు. హౌసింగ్ ముక్కు, అంటే పినియన్ ఫ్లాంజ్, మరో వాలు. షాఫ్ట్ చివర క్రాసుతో ఉండే యూనివర్సల్ జాయింట్‌కి ఒక పుట్టు గుణం ఉంది. వంగి తిరిగేటప్పుడు అవతలి పక్కకి చుట్టు సమంగా ఇవ్వదు, చుట్టుకి రెండుసార్లు ముందుకీ రెండుసార్లు వెనక్కీ తడబడుతుంది. అందుకే రెండో జాయింట్ పెడతారు. మొదటిది ఎంత వంగిందో రెండోదీ అంతే వంగితే ఒకదాని తడబాటుని ఇంకొకటి సరిచేస్తుంది. వంపులు వేరైతే మిగిలిన తేడా అంతా దడగా బండిలోకి వస్తుంది.

కమాన్లు మార్చక ముందు మీ బండి కొలతలు ఇలా ఉన్నాయనుకుందాం: గేరుబాక్సు వెనక్కి 3 డిగ్రీలు వాలు, షాఫ్ట్ 6 డిగ్రీలు, పినియన్ 3 డిగ్రీలు. మొదటి జాయింట్ వంపు మూడు, రెండోదీ మూడు, గొడవ లేదు. బ్లాక్ పెట్టి బాడీ లేపాక షాఫ్ట్ వాలు 8 అయింది. ఆ బ్లాక్ ఏటవాలుగా కోసినదైతే, లేదా అదనపు పట్టీ వల్ల కట్ట వంపు మారితే, పినియన్ ముక్కు కిందికి దిగి 3 కాస్తా 0 అవుతుంది. ఇప్పుడు మొదటి జాయింట్ వంపు 5, రెండోది 8. తేడా 3 డిగ్రీలు. ఒక డిగ్రీ లోపలుంటే సర్దుకుంటుంది, మూడంటే సర్దుకోదు. అంకెలు ఉదాహరణకి చెప్పాను, మీ బండివి కొలిస్తేనే తెలుస్తాయి. మీది రెండు ముక్కల షాఫ్ట్ అయితే నాలుగు చోట్ల కొలవాలి, మధ్యలో షాఫ్ట్‌ని మోసే సెంటర్ బేరింగ్ రబ్బరు చిరిగిందేమో కూడా చూడాలి. కదిలేటప్పుడు వచ్చే దడకి అది కూడా కారణమవుతుంది.

కొలవడానికి పెద్ద మిషన్లు అక్కర్లేదు. అయస్కాంతంతో అతుక్కునే చిన్న డిజిటల్ యాంగిల్ గేజ్ ఆటోనగర్ హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. అదీ లేదంటే ఫోన్‌లో కోణం చూపించే యాప్ వేసుకుని, కవర్ తీసేసి, ఫోన్ అంచుని ఫ్లాంజ్ మెషినింగ్ ముఖం మీద ఆనించండి. ముఖం నిటారుగా ఉంటుంది కాబట్టి 90 లోంచి తీసేసి చూసుకోవాలి. బండి చదును నేల మీద, నాలుగు చక్రాల మీదే నిలబడి ఉండాలి, చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టి ఉండాలి. ఒకసారి ఖాళీగా, ఒకసారి సీట్లలో ఇసుక బస్తాలు వేసి కొలిపించండి. ఖాళీ బండికి కోణాల తేడా ఎక్కువగా, బస్తాలు వేశాక తక్కువగా వస్తే మీ ఉత్తరంలోని మాటకి కొలత సాక్ష్యం చెప్పినట్టే.

ఇక్కడ ఒక మోసం జరుగుతుంటుంది. తెలిసి చేస్తారో తెలియక చేస్తారో నాకు అనవసరం. బండిని ఛాసిస్ కింద జాకీ పెట్టి లేపుతారు, వెనక చక్రాలు గాల్లో వేలాడతాయి. స్టార్ట్ చేసి గేర్లో వేసి ‘చూశారా సార్, పినియన్ ఎలా అరుస్తోందో’ అంటారు. హౌసింగ్ అంతలా కిందికి వేలాడితే షాఫ్ట్ కోణం రెట్టింపైపోతుంది, కొత్త బండి కూడా అలాగే అరుస్తుంది. పైగా ఆ పరీక్షలో జాకీ జారితే ప్రాణాలు పోతాయి. అలా చూపిస్తే నమ్మకండి, కిందికి వెళ్లి చూడకండి.

కోణం కాక ఇంకేముంటుందా అంటే, విప్పి బిగించిన చోటల్లా ఉంటుంది. కమాన్లు దించేటప్పుడు షాఫ్ట్ తీశారా అని అడగండి. తీసి ఉంటే, స్లైడింగ్ జాయింట్ రెండు ముక్కలనీ మళ్లీ కలిపేటప్పుడు గుర్తులు కలిపారా? ఒక పన్ను తేడాతో దూర్చినా రెండు చివర్లా క్రాసుని పట్టుకునే యోకు చెవులు ఒకే వరసలో ఉండవు. అప్పుడు కోణాలు ఎంత సరిగ్గా ఉన్నా దడ వస్తుంది. ఇది చూడ్డానికి పైసా ఖర్చు లేదు. బండి కింద పక్కగా పడుకుని షాఫ్ట్ వెంట కన్నేస్తే తెలిసిపోతుంది.

అక్కడే ఉన్నారు కాబట్టి క్రాసుల కప్పుల చుట్టూ చూడండి. ఎర్రటి తుప్పు పొడి కనపడితే లోపల గ్రీజు అయిపోయినట్టే. క్రాస్ విప్పాక దాని కాళ్లు గుడ్డతో తుడిచి గోరుతో అడ్డంగా గీకండి. కప్పుల్లోని సూది రోలర్లు నొక్కిన చోట సన్న గీతల వరస ఉండి గోరు ఆగిందంటే ఆ క్రాస్ పనికిరాదు. కోణం సరిచేయకుండా కొత్తది వేస్తే అదీ కొన్నాళ్లకి అలాగే అవుతుంది. రెండో మేస్త్రి చెప్పింది అందుకే సగమే నిజం. క్రాసులు పోయి ఉండొచ్చు, అయితే పోగొట్టింది కోణం.

పోయిన వేసవిలో ఒక కేటరింగ్ వ్యాన్ వచ్చింది. వేరే చోట క్రౌన్ పినియన్ మార్చుకుని మరీ వచ్చారు, మోత ఇసుమంత తగ్గలేదు. షెడ్డులోని గుంటలో దిగి టార్చి వేసి చూస్తే, హౌసింగ్ మీదుగా ఎక్కే సైలెన్సర్ పైపు వంపు దగ్గర, అరంగుళం మేర తుప్పు లేకుండా ఇనుము తళతళలాడుతోంది. దానికి ఎదురుగా ఛాసిస్ క్రాస్‌మెంబర్ మీద కూడా అంతే మచ్చ. కమాన్లు లేపాక పైపు వాలు మారి, రెండూ ఒకదానికొకటి ఆనుకుంటున్నాయి. ఇంజన్ బరువు లాగినప్పుడు మోత మొత్తం ఆ మచ్చ గుండా బాడీలోకి వెళ్తోంది. పైపుని వేలాడదీసే హ్యాంగర్ రబ్బరు మార్చి పైపు వేలెడు పక్కకి జరిపాం. విప్పేసిన పాత క్రౌన్ పినియన్ ఆయన డిక్కీలో గోనెసంచిలో ఉంది, తీసి చూశాను. పళ్లు చక్కగా ఉన్నాయి. మీ బండికీ ముందు ఆ పైపు, తర్వాత హ్యాండ్ బ్రేకు కేబుల్ ఎక్కడైనా ఆనుతున్నాయేమో చూపించండి.

ఇక మందు. నన్నడిగితే ఆ బ్లాక్ తీసేయండి. అదనపు పట్టీ ఉంచుకోవచ్చు. మీ గుంటల బాధకి అది చాలు. బ్లాక్ పోతే బండి సగానికి సగం దిగుతుంది, షాఫ్ట్ వాలూ దిగుతుంది. అప్పుడు మళ్లీ కొలవండి. ఇంకా రెండు మూడు డిగ్రీల తేడా మిగిలితే కట్టకీ హౌసింగ్‌కీ మధ్య ఉక్కు వెడ్జ్ (ఒక వైపు లావు, ఒక వైపు సన్నగా ఉండే ముక్క) వెయ్యాలి. కమాన్ హౌసింగ్ పైన కూర్చునే బండిలో వెడ్జ్ లావు వైపు వెనక్కి ఉంటే పినియన్ ముక్కు లేస్తుంది, ముందుకి ఉంటే దిగుతుంది. తిప్పి వేసేవాళ్లు చాలామంది. 3 డిగ్రీలు తగ్గించాల్సింది 3 పెంచి, తేడా ఆరు చేసి పంపిస్తారు. వెడ్జ్ వేస్తే కట్ట పట్టీలని కలిపి ఉంచే సెంటర్ బోల్ట్ కూడా ఆ మేరకి పొడుగుది కావాలి. దాని తల హౌసింగ్ సీటు రంధ్రంలో పూర్తిగా కూర్చోకపోతే బ్రేకు కొట్టినప్పుడల్లా హౌసింగ్ జరుగుతుంది. బ్లాక్ ఉంచుకుని వెడ్జ్‌తో సరిపెడదామని మీకు అనిపించొచ్చు. వంపులు 5, 5 చేసి తేడా పోగొట్టగలం, దడ పోతుంది. అయితే హైవే స్పీడులో జాయింట్ వంపు మూడు డిగ్రీలు దాటితే క్రాసు ఆయుష్షు తగ్గుతుంది. అలాగని సున్నా ఉండటమూ మంచిది కాదు, సూది రోలర్లు కదలకుండా ఒకే చోట నొక్కి గుంట చేస్తాయి.

కట్టని హౌసింగ్‌కి బిగించే యు-బోల్టులు పాతవే మళ్లీ బిగించారా? లాగిన యు-బోల్టు మళ్లీ సరిగ్గా పట్టదు, కొత్తవి వేయించండి. నట్లు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, బండి బరువు చక్రాల మీద ఉండగా బిగించాలి. కొత్త కమాన్లు కుదురుకున్నాక, ఒక వారం తిరిగాక, ఇంకోసారి. కట్ట చివర ఊగే షాకిల్ బోల్టులకీ కమాన్ కళ్ల బోల్టులకీ అదే మాట. చక్రాలు వేలాడుతుండగా బుష్‌లు బిగిస్తే రబ్బరు మెలిపడి ఉంటుంది, కిర్రుకిర్రు మంటుంది, తొందరగా చిరుగుతుంది.

ఇంకో మాట, మోతకి సంబంధం లేనిది. పట్టీ పెంచినంత మాత్రాన బండి మోయగల బరువు పెరగదు. ఆర్‌సీలో రాసింది రాసిందే. తయారీదారు చెప్పిన దానికి భిన్నంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. మీది ట్రిప్పుల బండి, ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి) వెళ్లాలి, ఇన్సూరెన్స్ ఉంది. ఆ ఇనుప బ్లాకు గురించి అక్కడ అడిగితే ఏం చెబుతారో ఆలోచించుకోండి.

ప్రశ్న: పాల క్యాన్లు వేసుకునే చిన్న వ్యాన్ మాది. వెనక కాయిల్ స్ప్రింగులు, వాటి కింద ఎత్తు పెంచే రబ్బరు స్పేసర్లు వేయించాను. ఇప్పుడు తెల్లవారుజామున నెమ్మదిగా వెళ్తుంటే కింద పిట్ట కూసినట్టు కిచకిచ. స్పీడు పెరిగితే వినపడదు. గ్రీజు కొట్టమంటే ఎక్కడ కొట్టాలో తెలియట్లేదు.
– జనగామ జిల్లా పాఠకురాలు

జవాబు: అమ్మా, స్పీడు పెరిగితే నిజంగా పోతోందా, గాలి మోతలో వినపడట్లేదా? గోడ పక్కగా, అద్దాలు దించి, 10 నుంచి 30 దాకా మెల్లిగా పోనివ్వండి. స్పీడుతో పాటు కిచకిచ కూడా దగ్గరదగ్గరగా వస్తుంటే ఎండిపోయిన జాయింట్ క్రాస్. షాఫ్ట్ వాలు మారాక సూది రోలర్లు కొత్త చోట నడుస్తున్నాయి, అక్కడ గ్రీజు లేదు. న్యూట్రల్లో దొర్లించినా వస్తుంది. అలాకాకుండా స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగేటప్పుడే వస్తే రబ్బరు బుష్. క్రాస్‌కి గ్రీజు నిపిల్ ఉందేమో చూడండి. ఉంటే నాలుగు కప్పుల దగ్గరా కొత్త గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టించండి. నిపిల్ లేని సీల్డ్ క్రాస్ అయితే మార్చడమే దారి. బుష్‌ల మీద మాత్రం డీజిలూ పాత ఇంజన్ ఆయిలూ చల్లనివ్వకండి. ఆ రోజుకి శబ్దం ఆగుతుంది, తర్వాత రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో మొబైల్ టిఫిన్ బండి నడుపుతున్నాను. పాత వ్యాన్, పవర్ ముందు చక్రాలకి. కౌంటరు బరువుకి ముందు భాగం దిగిందని స్పేసర్లు వేసి లేపించాను. అప్పట్నుంచి యూటర్న్ కొడితే టకటక, పికప్ ఇస్తే స్టీరింగ్ దగ్గర వణుకు. మీరెప్పుడూ వెనక షాఫ్ట్ గురించే రాస్తారు, మా సంగతేంటి?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: నిజమే, మన రోడ్ల మీద ట్రావెలర్లు, ఈకోలే ఎక్కువ, వాటికి పవర్ వెనక. వింగర్ లాంటి కొన్నిటికే ముందు. మీ బండిలో పొడుగు షాఫ్ట్ ఉండదు, గేరుబాక్సునుంచి రెండు పక్కలకీ రెండు యాక్సిల్ షాఫ్టులు, ఒక్కోదానికి రెండు సీవీ జాయింట్లు (వంగినా చుట్టు సమంగా ఇచ్చే జాయింట్లు). మలుపులో టకటక అంటే బయటి జాయింట్. ఎడమకి తిప్పితే ఎక్కువైతే మొదట కుడి పక్కది చూడండి, కుడికైతే ఎడమది. మలుపులో బయటి చక్రం మీదే బరువు ఎక్కువ పడుతుంది. పికప్‌లో వణికి, కాలు తీస్తే ఆగేది లోపలి జాయింట్, గేరుబాక్సు పక్కది. బండి లేపినప్పుడు ఆ జాయింట్ కోణం పెరిగి, లోపల రోలర్లు మునుపు నడవని చోట నడుస్తున్నాయి.

స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి, చక్రం వెనక రబ్బరు బూటు ముడతల మధ్య వేళ్లతో విప్పి చూడండి. ముడత అడుగున చిరుగు దాక్కుంటుంది. రిమ్ము లోపలి వైపు నల్ల గ్రీజు చిమ్మిన మరకలుంటే చిరిగి చాలాకాలమైనట్టే. అప్పుడు బూటు ఒక్కటీ మార్చి లాభం లేదు, లోపల దుమ్ము చేరి జాయింట్‌లోని గోళీలు అరిగి ఉంటాయి. స్పేసర్లు తీయించి, కౌంటరు బరువులో కొంత వెనక ఇరుసు వైపు జరిపించండి. గ్యాస్ సిలిండరు, నీళ్ల డబ్బా ముందెందుకు? బండి పాత ఎత్తుకి వచ్చాక వీల్ అలైన్‌మెంట్ చేయించి ఒక రోజు నడపండి. వణుకు దానంతటదే తగ్గితే లోపలి జాయింట్ బతికున్నట్టు, బయటిది ఒక్కటే కొనండి.